కడుపు నిండినా బరువు పెరగట్లేదు

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు, బరువు 7.6 కిలోలు. రెండు నెలలుగా కూలి సరిగ్గా దొరకట్లేదు. పొద్దున టీలో బిస్కెట్, తర్వాత రెండు పూటలా గంజి పోస్తున్నా. కడుపునిండా తాగుతాడు, నా పాలూ తాగుతాడు. అయినా చిక్కిపోతున్నాడు. మాటిమాటికీ విరేచనాలు. – ఒక తల్లి, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మా, ఈ వయసు మగపిల్లలు కనీసం 8 కిలోలు దాటి ఉండాలి. మీ బాబు పొట్టలో ఒక్క పూటకి పట్టేది ఇంచుమించు ఒక గ్లాసు. ఆ గ్లాసు గంజినీళ్ళతోనే నిండిపోతోంది. మీ పాలు కాక, తిండి నుంచి రోజుకు సుమారు 550 కేలరీలు అందాలి. పలుచని గంజితో అందులో సగం రావడం కూడా కష్టం. తిండి చాలకపోతే రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. విరేచనాలు పట్టుకుంటే ఆకలి పోతుంది, ఉన్న బరువూ జారుతుంది. అది కూడదీసుకునేలోపే మళ్ళీ జబ్బు. ఇలాగే సాగితే ఎత్తు కూడా ఆగిపోతుంది. రెండేళ్ళు నిండేలోపు తగ్గిన ఎత్తు తర్వాత పూడటం చాలా కష్టం.

ఉన్న బియ్యంతోనే మార్చండి. రెండు పిడికిళ్ళ బియ్యానికి ఒక పిడికిలి పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించండి. దించేముందు చిటికెడు మునగాకు వేసి మగ్గనివ్వండి. చెంచా వంచితే జారిపోకుండా, ముద్దగా నిలవాలి. బాబు గిన్నెలో ఒక చిన్న చెంచా నూనె కలపండి, అదొక్కటే 45 కేలరీలు. ముప్పావు గిన్నె చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి, మధ్యలో అరటిపండో ఉడికించిన గుడ్డో ఇవ్వండి. టీ పూర్తిగా మానేయండి. అది ఆకలిని చంపుతుంది, తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని తేలింది.

అంగన్‌వాడీలో బాలామృతం అనే పోషకాహార పిండి 2.5 కిలోల ప్యాకెట్ ఇస్తారు. రోజుకు 100 గ్రాముల లెక్కన 25 రోజులు రావాలి. చాలా ఇళ్ళలో పది రోజులకే అయిపోతుంది, పెద్దపిల్లలకీ ఆకలే కదా! మూడేళ్ళు దాటినవాళ్ళని మధ్యాహ్న భోజనానికి అంగన్‌వాడీకే పంపితే చిన్నవాడి ప్యాకెట్ మిగులుతుంది. పిండిని కాచిన వేడినీళ్ళలో గట్టిగా కలపండి, జావలా పలుచన చేయొద్దు.

విరేచనాలప్పుడు తిండి ఆపకండి. ఓఆర్‌ఎస్‌తోపాటు జింక్ 20 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకొకటి, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులూ వేయాలి. ఈ వారమే అంగన్‌వాడీ టీచర్ చేత జబ్బ చుట్టుకొలత చూసే రంగుల టేపు పెట్టించండి. 11.5 సెంటీమీటర్లలోపు ఎరుపు, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. 12.5 లోపు పసుపు, వారం వారం బరువు చూపించాలి.

ప్రశ్న: మా చెల్లెలి పాపకి రెండేళ్ళు. బాగా నీరసంగా ఉండేది. ఇప్పుడు బుగ్గలు, పాదాలు నిండుగా కనిపిస్తున్నాయి. ఒళ్ళు చేసిందని అందరూ సంతోషపడుతున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పాప రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీయండి. గుంట అలాగే నిలిచిందంటే అది ఒళ్ళు కాదమ్మా, నీరు. జబ్బ చుట్టుకొలత టేపు ఆకుపచ్చ రంగులో (12.5 సెంటీమీటర్లు, ఆపైన) చూపించినా సరే, దీన్ని తీవ్ర పోషకాహార లోపంగానే చూడాలి. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న చోటికి పంపమని అడగండి.

ఈలోగా బాగా తినిపించి కోలుకునేలా చేద్దామని ఇంట్లో కూరి పెట్టకండి. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై గుండెకే ప్రమాదం. అందుకే అక్కడ మొదట్లో పాలతో చేసిన పలుచని ఆహారం రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇస్తారు. ఐరన్ సిరప్ కూడా పాప కోలుకున్నాకే మొదలుపెడతారు, ముందే పోయకండి.

ప్రశ్న: పని కోసం హైదరాబాద్ వచ్చాం. పాప పేరు ఊరి అంగన్‌వాడీలోనే ఉంది. ఇక్కడ ఇస్తారా? – ఒక తండ్రి

జవాబు: ఇస్తారు, అడగండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీ ఆహారం హక్కు. అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఈ సెంటర్‌కి మార్చే వీలుంది. తల్లి ఆధార్, ఫోన్ నంబరు, పాప టీకాల కార్డు తీసుకెళ్ళండి. రేషన్ బియ్యం కూడా మీరున్న చోటే ఏ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.