ముందు ఆ ఐరన్ మాత్ర దేనితో వేసుకుంటున్నారో చూడండి

మూడో నెల నడుస్తోంది, ఏది తిన్నా బయటికొచ్చేస్తోంది, ఇంట్లో వాళ్ళేమో ఇద్దరి కోసం తినాలి అని వెంటపడుతున్నారు, ఇలాగైతే బిడ్డకి బలం ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగారు. వస్తుందండీ, ఆ టెన్షన్ ముందు వదిలేయండి. మూడో నెల చివరికి కూడా బిడ్డ పొడవు ఐదారు సెంటీమీటర్లే, తనకి కావలసింది మీ ఒంట్లో ఉన్న నిల్వల్లోంచే తీసుకుంటుంది. మొదటి మూడు నెలలూ మామూలు కంటే ఎక్కువ తినాల్సిన అవసరం దాదాపు లేదు. ఆ తర్వాతి మూడు నెలలు రోజుకి 340 కేలరీలు, చివరి మూడు నెలలు 450 దాకా అదనంగా చాలంటారు. 340 అంటే ఓ గ్లాసు పాలు, ఓ గుడ్డు, ఓ అరటిపండు. అంతే. ఇద్దరి కోసం తినడం అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, కడుపుతో ఉన్నవాళ్ళని ఇంతగా ఏడిపించిన మాట ఇంకొకటి లేదు.

ఈ వాంతుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మనసు గట్టి చేసుకుంటే తగ్గిపోతాయి అని నాతో అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది. 2023లో వచ్చిన పరిశోధన ప్రకారం దీని వెనక జీడీఎఫ్15 అనే హార్మోన్ ఉంది. బిడ్డ వైపు నుంచి, మాయ నుంచి అది తల్లి రక్తంలోకి వస్తుంది, గర్భం రాకముందు ఎవరి ఒంట్లో అది తక్కువగా ఉంటుందో వాళ్ళకి వేవిళ్ళు ఎక్కువ. అంటే ఇందులో మీ మనసు బలహీనత ఏమీ లేదు, మీ ఒంటికి అలవాటు లేని పదార్థం ఒక్కసారిగా పెరిగింది. ఇప్పటికి మీకు ఏది నిలిస్తే అదే తినండి. పూటంతా వట్టి బిస్కెట్లే నిలిస్తే అవే. వేడి వంటకంటే చల్లారినదానికి వాసన తక్కువ, అందుకే చాలామందికి అది లోపలికి వెళ్తుంది. కడుపు పూర్తిగా ఖాళీ అయితే వికారం ఇంకా పెరుగుతుంది, కాబట్టి మంచం దిగకముందే పొడిగా ఉన్నదేదైనా ఓ ముక్క నోట్లో వేసుకోండి. నీళ్ళు గ్లాసు ఎత్తి తాగకుండా గుక్క గుక్కగా తాగండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మానొద్దు, కడుపు నెమ్మదిగా ఉన్న టైం చూసుకుని ఎప్పుడైనా వేసుకోవచ్చు.

కానీ అసలు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. వాంతులు తగ్గుతాయి, తిండి మళ్ళీ సహిస్తుంది, అక్కడ మొదలవుతుంది రెండో గొడవ, రక్తం తగ్గడం. నాకు ఆరో నెలలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. అంతకుముందు 10.8 ఉండేది. ఐరన్ మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు, ఆకుకూర, పప్పు, గుడ్డు అన్నీ తింటున్నాను, అయినా పడిపోయింది. ఇంట్లో అందరూ నేను సరిగ్గా తినట్లేదని తేల్చేశారు. మా అత్తయ్య ఆ వారం నుంచి నా పక్కనే కూర్చుని నా పళ్ళెంలోకి చూస్తూ ఇంకో గరిటె, ఇంకో గరిటె అని వడ్డించేవారు. ప్రేమే, కాదనను. కానీ ఎవరైనా అలా చూస్తుంటే ముద్ద దిగదు. ఆసుపత్రిలో డాక్టర్ గారు రిపోర్టు చూసి, బాగా తినాలమ్మా అని చెప్పి, మాత్ర డోసు పెంచి చీటీ ఇచ్చేశారు. నేను కుర్చీలోంచి లేచేలోపు తర్వాతి పేరు పిలిచేశారు.

బయట బీపీ చూసే నర్సమ్మ దగ్గర చీటీ చూపిస్తే, ఆవిడ అది పక్కన పెట్టి, మాత్రలు సంచిలో ఉన్నాయా, తీయండి అంది. తీశాను. ఐరన్ షీటు, క్యాల్షియం షీటు బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నారు అని అడిగింది. చీటీలో రెండింటికీ పొద్దున అనే ఉంది, అలాగే రెండూ పొద్దున తిన్నాక వేసుకుంటున్నాను, వెంటనే టీ తాగుతాను అని చెప్పాను. ఆవిడ ఒక షీటు బల్లకి ఈ చివర, ఇంకోటి ఆ చివర పెట్టింది. ఇవి రెండూ ఎప్పుడూ కలవకూడదమ్మా అంది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి ఐరన్ షీటు వెనక వెండిరేకు చిరక్కుండా మెల్లగా 'రాత్రి, నిమ్మరసం' అని రాసింది, క్యాల్షియం మీద 'మధ్యాహ్నం, అన్నంతో' అని రాసింది. టీ మానమనలేదు, ఐరన్‌కి ముందూ వెనకా గంట సేపు మాత్రం తాగొద్దంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాతి పరీక్షకి నా నంబరు పెరిగి, పదకొండుకి దగ్గరగా వచ్చింది, తిండి ఏమీ మార్చలేదు.

డోసు పెంచారు కదా, దానివల్లే పెరిగిందేమో అని మా ఆయన అన్నారు. నేను ఒప్పుకోను. క్యాల్షియం ఐరన్‌ని పీల్చుకోనివ్వదు, టీ, కాఫీల్లో ఉండే పదార్థాలు దాన్ని పట్టేసుకుంటాయి, సి విటమిన్ ఉంటే బాగా ఒంటబడుతుంది, ఇవన్నీ ఎప్పటి నుంచో తెలిసిన సంగతులే. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, అందువల్ల కొంత పలచబడటం సహజం కాబట్టే మామూలుగా 11 ఉండాలనే చోట మధ్య నెలల్లో 10.5 వరకు ఫర్వాలేదంటారు. కానీ అంతకంటే తగ్గితే తిండి మీద పడిపోవడమే గానీ, మాత్ర ఎలా వేసుకుంటున్నావు అని అడిగేవాళ్ళే ఉండరు. హిమోగ్లోబిన్ పెరగని చాలామందిది తిండి లోపం కాదు, టైమింగ్ లోపం అని నా గట్టి నమ్మకం. ఐరన్ మాత్రకి మలం నల్లగా వస్తుందని కూడా నాకెవరూ చెప్పలేదు, మొదటిసారి చూసి ఎంత భయపడ్డానో. మలబద్ధకం సంగతీ అంతే. ముందే చెబితే నీళ్ళు, పీచు పెంచుకుంటాం కదా.

లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ గురించి చదివినప్పుడు నాకు ఆ నర్సమ్మే గుర్తొచ్చింది. అప్పట్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి తీవ్రమైన రక్తహీనత వస్తుంటే, ఈవిడ వెళ్ళి వాళ్ళు ఎలా బతుకుతున్నారు, ఏం తింటున్నారు అని చూసింది. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ ఇస్తే నయమవుతోందని 1931లో ప్రచురించింది. అందులో పనిచేసింది ఫోలేట్ అని తర్వాత తేలింది. మనం ఇప్పుడు మింగుతున్న ఫోలిక్ యాసిడ్ కథ అక్కడ మొదలైంది.

ఇక ఏం తినకూడదు అనే లిస్టు మీకు ఈపాటికి పది మంది పది రకాలుగా చెప్పి ఉంటారు. నిజంగా పట్టించుకోవాల్సినవి కొన్నే. కాచని పాలు, సరిగ్గా ఉడకని మాంసం, పచ్చి గుడ్డు వద్దు. సొర చేప, కత్తి చేప లాంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ, అవి మానేయండి, మిగతా చేపలు మంచివే. కాలేయంలో ఎ విటమిన్ మరీ ఎక్కువ, రక్తం పడుతుందని ఎవరైనా తెచ్చిపెట్టినా వద్దనండి. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు అన్నీ కలిపి కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. మద్యం అసలు వద్దు. మిగతా వద్దులన్నీ విని ఊరుకోండి, వాదన పెట్టుకుంటే ఉన్న ఓపిక కూడా పోతుంది.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఈసారి వెళ్ళేటప్పుడు మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, ఏది దేనితో, ఏ పూట అని అడిగి షీటు వెనకే రాయించుకోండి. మీకు వాంతులు బాగా ఉన్నాయి కాబట్టి ఐరన్ ఇప్పుడే మొదలుపెట్టాలా, కొన్నాళ్ళు ఆగాలా అన్నది కూడా అడగండి, దానివల్ల వికారం పెరగొచ్చు. మంచినీళ్ళు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే, లేచినప్పుడు కళ్ళు తిరుగుతుంటే, బరువు బాగా తగ్గిపోతుంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్ళి చూపించుకోండి.