సీ ఆఫ్ స్టార్స్ లాంటి పిక్సెల్ ఆర్పీజీలు (రోల్ ప్లేయింగ్ గేములు) పాత సూపర్ నింటెండో గేమ్ మెషీన్‌లో ఆడతాయా?

ఆడవు, చూడ్డానికి అచ్చం 1990ల జపాన్ ఆర్పీజీలా ఉన్నా సీ ఆఫ్ స్టార్స్ (2023) లాంటి గేములు ఆ పాత మెషీన్ మోయగలిగేవి కావు. సూపర్ నింటెండో మెయిన్ ర్యామ్ మొత్తం కలిపి 128 కిలోబైట్లే, స్క్రీన్ మీద మామూలుగా ఒకేసారి 256 రంగులు, ఒక్కో క్యారెక్టర్ బొమ్మకైతే 15 రంగులే, అందుకే అప్పటి ఆర్టిస్టులు వెలుగునీడలు కూడా చాలావరకు బొమ్మలోనే గీసేసేవాళ్లు, గీసింది గీసినట్టే ఉండిపోయేది. ఇప్పటివాళ్లు పిక్సెల్ లుక్ ఒక్కటి ఉంచుకుని వెనకాల మాత్రం యూనిటీ లాంటి కొత్త ఇంజిన్ (గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) వాడతారు.

సీ ఆఫ్ స్టార్స్‌లోనే చూడండి, కొన్ని పజిల్స్‌లో మనం పగటిని రాత్రి చేయాలి, అలా సమయం తిప్పుతుంటే గోడల నీడలు మన కళ్ల ముందే మెల్లగా పక్కకి జరుగుతాయి, రంగులన్నీ మారిపోతాయి. నిజం చెప్పాలంటే గేమ్‌లో అన్నిటికంటే అందమైన ముక్క అదే.

ఇంకోటి, ఇది జపాన్ గేమ్ అని, సూపర్ నింటెండో మీద వచ్చిన పాత ఆర్పీజీ క్రోనో ట్రిగ్గర్ (1995)కి సీక్వెల్ అని చాలామంది అనుకుంటారు, రెండూ కాదు. చేసింది కెనడాలోని క్యూబెక్‌కి చెందిన సాబొటాజ్ స్టూడియో, కథ ప్రకారం వాళ్లదే ఇంకో గేమ్ ద మెసెంజర్ (2018)కి ప్రీక్వెల్. క్రోనో ట్రిగ్గర్ సంగీతకారుడు యసునోరి మిత్సుదా దీనికి కొన్ని ట్యూన్లు ఇచ్చాడు, పైగా శత్రువులు మ్యాప్ మీదే కనబడి ఫైట్ అక్కడికక్కడే మొదలయ్యే పద్ధతి కూడా అందులోదే, అందుకే ఆ కన్ఫ్యూజన్.