ప్రాక్టీసులో పులి, పోటీలో వణుకు

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. బ్యాడ్మింటన్ ప్రాక్టీసులో తనకంటే పెద్దవాళ్లను ఓడిస్తుంది. టోర్నమెంటు అనగానే చేయి బిగుసుకుపోతుంది. మానసిక దృఢత్వంపై ఆన్‌లైన్ కోర్సులో చేర్పించమంటారా, స్పోర్ట్స్ సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లమంటారా?

జవాబు: ఏళ్ల తరబడి పెట్టిన డబ్బూ శ్రమా వృథా అవుతాయేమోనన్నది మీ అసలు భయం. ముందు అది వదిలేయండి. మీ అమ్మాయి పిరికిది కాదు. ఒత్తిడిలో ఉన్నప్పుడు, శరీరానికి అలవాటైన కదలికలను మనసు ఒక్కొక్కటిగా సరిచూడాలనుకుంటుంది. మణికట్టు ఎలా తిరుగుతోందో గమనించడం మొదలుపెడితే షాట్ చెడుతుంది. ఎదిగిన క్రీడాకారులకూ ఇది తప్పదు. సాధనతో సర్దుకుంటుంది.

కోర్సుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. 2024లో ప్రపంచ చదరంగ కిరీటం కోసం ఆడిన గుకేశ్ మొదటి గేమే ఓడినా తేరుకుని, 18 ఏళ్లకే విజేత అయ్యారు. ఆయనతో మెంటల్ కోచ్ ప్యాడీ అప్టన్ పనిచేశారని తెలిశాక, తల్లిదండ్రులందరికీ అలాంటి కోచ్ కావాలి! ఆ కుర్రాడు బోర్డు ముందు గడిపిన ఏళ్లు మాత్రం ఎవరికీ గుర్తురావు. నాలుగు వారాల సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ సైకాలజిస్టునని బోర్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. సైకాలజీ చదివారా, మీ కోచ్‌తో మాట్లాడతారా, పాపను ఆటలో చూస్తారా అని అడగండి. మూడింటికీ అవునంటే వెళ్లండి. కోర్సు వీడియోలు చూస్తే గేమ్ పాయింట్ దగ్గర చేయి వదులవదు.

ఈలోగా కోచ్ చేయగలిగింది చాలా ఉంది. ప్రాక్టీసు గేమును 16-19 వెనకబాటుతో మొదలుపెట్టించాలి, చుట్టూ నలుగురిని నిలబెట్టాలి. ప్రతి సర్వీసుకు ముందు ఒకే వరుస: షటిల్ చూడటం, ఊపిరి నెమ్మదిగా వదలడం, ఎక్కడికి కొట్టాలో అనుకోవడం. గెలుస్తున్నా ఓడుతున్నా అదే వరుస. ఇది కొన్ని నెలలు సాగాలి, వచ్చే టోర్నమెంటుకే ఫలితం అడగకండి.

ఇక మీ సంగతి. మ్యాచ్ అయ్యాక మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘ఆ పాయింట్ ఎందుకు పోగొట్టావు?’ అనే కదా? గ్యాలరీలో మీరు తల పట్టుకోవడం కోర్టులోంచి కనిపిస్తుంది. పాప ఎదుటి ఆటగత్తెతోనూ మీతోనూ ఒకేసారి ఆడుతోంది. ఇంటికి వెళ్లే దారిలో ఆట ఊసెత్తకండి. తనే ఎత్తితే వినండి.

నిద్ర, తిండి దెబ్బతిన్నా, ఆటంటేనే భయపడుతున్నా ఆలస్యం చేయకుండా క్లినికల్ సైకాలజిస్టును కలవండి. లేదంటే కోర్సుకు డబ్బు కట్టే ముందు, ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా అని పాపనే అడగండి. మీ ఉత్తరంలో తన అభిప్రాయం ఒక్క ముక్కా లేదు.