నర్సింగ్ అయిపోయింది, వైజాగ్‌లో 14 వేలు ఇస్తామంటున్నారు. చేరాలా?

శ్రీకాకుళం నుంచి ఒక చెల్లి అడిగింది. బీఎస్సీ నర్సింగ్ ఇప్పుడే పాసైంది. వైజాగ్‌లో ఒక చిన్న ఆసుపత్రి వాళ్ళు నెలకు 14 వేలు, 12 గంటల డ్యూటీ, రెండేళ్ళ బాండ్ అన్నారట. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే పెట్టాలట. ఇంట్లో చేరిపొమ్మంటున్నారు.

చేరొద్దు చెల్లీ. జీతం తక్కువన్నది ఒక కారణం. సర్టిఫికెట్లు పెట్టుకుంటామనడం అంతకన్నా పెద్ద కారణం. నేను మహారాణిపేట వైపు ఒక చిన్న ఆసుపత్రిలో మొదలుపెట్టాను. అక్కడా ఇదే పద్ధతి. అమ్మకు ఆపరేషనై మానేస్తానంటే, డబ్బు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. నాన్న అప్పు చేసి కట్టారు. ఎవరడిగినా జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో.

ఇక డబ్బు సంగతి. నెలకు 26 డ్యూటీలనుకో. రోజుకు 12 గంటలు చేసి 14 వేలు తీసుకుంటే గంటకు 45 రూపాయలు కూడా రావు. అదే 16 వేలకు 8 గంటల డ్యూటీ అయితే గంటకు దాదాపు 77 పడుతుంది. రెండు వేల తేడాయే కదా అని ఇంట్లో అంటే ఈ లెక్క చూపించు.

నేనిప్పుడు ఐసీయూ ఇన్‌ఛార్జిని, కొత్తవాళ్ళ ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. నాకు కనిపిస్తున్నంతలో ఫ్రెషర్లకు చిన్న నర్సింగ్ హోముల్లో 12 నుంచి 15 వేలు, ఆరిలోవ హెల్త్ సిటీ, రామ్‌నగర్ వైపు పెద్ద ఆసుపత్రుల్లో 16 నుంచి 20 వేల దాకా మాట్లాడుతున్నారు. చెప్పిన జీతమంతా చేతికి రాదు. 16 వేలలో బేసిక్ 10 వేలైతే పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150 పోయి 14,530 మిగులుతుంది. కొన్నిచోట్ల యాజమాన్యం కట్టాల్సిన పీఎఫ్ వాటాను కూడా ఆ 16 వేలలోనే కలిపి చెబుతారు. అందుకే 'చేతికి ఎంత వస్తుంది సార్' అని సూటిగా అడుగు. హాస్టల్, మెస్ డబ్బు అందులోంచి పట్టుకుంటారా అనీ అడుగు. సేవ చేసేవాళ్ళం జీతం గురించి మాట్లాడకూడదని కాలేజీలో మనకు నేర్పేశారు. అడిగిన పిల్లను నేనెప్పుడూ తక్కువగా చూడలేదు.

ఒక విషయం మనసులో పెట్టుకో. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశిస్తే, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాల మీద కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20 వేలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ చెప్పింది. అది సిఫార్సు మాత్రమే, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. కాబట్టి ఇంటర్వ్యూలో ఆ మాటెత్తినంత మాత్రాన జీతం పెరగదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా 12 వేలకు పిల్లల్ని తీసుకుంటుంటే నాకు కడుపు మండిపోతుంది.

మరి ఎక్కడ చేరాలి? జనరల్ వార్డుకు వెయ్యి ఎక్కువిస్తామన్నా సరే, నేనైతే ఐసీయూ, డయాలసిస్, క్యాథ్ ల్యాబ్ (గుండెకు యాంజియోగ్రామ్, స్టెంట్లు చేసే చోటు)లో దేనికో ఒకదానికి వెళ్ళమంటాను. వెంటిలేటర్ పేషెంటును ఒంటరిగా చూసుకోగలిగిన సిస్టర్‌కు రెండో ఏడాది జీతం అడిగే ధైర్యం వస్తుంది. గల్ఫ్‌కు వెళ్ళాలన్నా చాలాచోట్ల రెండేళ్ళ అనుభవం అడుగుతారు. అందుకు ఆఫర్ లెటర్, ప్రతి నెలా పే స్లిప్, బ్యాంకులో పడే జీతం ఉండాలి. చేతికి నోట్లిచ్చే చోట అనుభవానికి రుజువు దొరకడం కష్టం. ఇంటర్వ్యూకు ముందు బీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణ) చేసెయ్యి, డ్రగ్ కాలిక్యులేషన్, అంటే మందు మోతాదు లెక్కలు, బాగా చూసుకో, మేం అడిగేవి ఎక్కువగా అవే. రాత్రి ఎనిమిదికి దిగే డ్యూటీ అయితే దగ్గర్లోనే హాస్టల్ వెతుక్కో. గాజువాకలో ఉండి ఆరిలోవ తిరగడమంటే ఒళ్ళు హూనమవుతుంది.

చేరిన మొదటి నెల నుంచే ప్రభుత్వ ఉద్యోగానికి చదువు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల కోసం పెట్టే నార్‌సెట్ పరీక్షలో నెగ్గితే ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి బేసిక్కే 44,900, అలవెన్సులు దానికి అదనం. మన మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ మాత్రం ఈ వారమే పెట్టెయ్యి, అది లేకుండా ఏ దరఖాస్తూ ముందుకు కదలదు.