డిగ్రీ పక్కన చోటు కూడా రాయి

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. పాము గుడ్లు, బల్లి గుడ్లు పొదిగించడానికి ఇంట్లో ఇంక్యుబేటర్ తయారుచేసుకునేవాళ్లు పెట్టె వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఏది ఎంచుకోవాలో చెప్పాలనుకున్నావు. మంచి పని. పరికరాల గురించి కష్టపడి తెలుసుకున్నావని తెలుస్తోంది. కానీ వ్యాసం మొత్తం వెతికినా నాకు గుడ్డు కనపడలేదు. ముందు దాన్ని తీసుకురా.

పాఠకుడి దగ్గర ఏ జీవి గుడ్లున్నాయో తేలకుండా ఏ థర్మోస్టాట్ మంచిదో ఎలా చెప్తావు? కార్న్ స్నేక్ అనే పాము గుడ్లకు 27 నుంచి 29 డిగ్రీలు సరిపోతుంది. పిల్ల ఆడదా మగదా అన్నది జన్యువులే తేలుస్తాయి కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా ఆ విషయంలో టెన్షన్ లేదు. లెపర్డ్ గెకో అనే బల్లి అలా కాదు. 26 దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవే, 32, 33 దగ్గర ఎక్కువగా మగవి, 35 వైపు వెళ్తే మళ్లీ ఆడవే ఎక్కువ. వేడిని బట్టి పిల్లల లింగం మారుతుందని మదలిన్ షార్నియే 1966లో అగామా తొండల మీద చేసిన పనిలో మొదటిసారి చెప్పింది. దీంతో మొదలుపెట్టు. రెండు డిగ్రీల తేడా అంటే ఏమిటో అర్థమయ్యాక పాఠకుడు మిగతాదంతా శ్రద్ధగా చదువుతాడు.

కోడిగుడ్ల ఇంక్యుబేటర్ల మీద రాసినవి చూసి మాత్రం ఏదీ దించకు. నీ రెండో పేరాలో 37.5 డిగ్రీలు, గుడ్లు తిప్పే మోటారు అక్కడి నుంచే వచ్చినట్టున్నాయి. ఆ వేడికి ఈ గుడ్లు చచ్చిపోతాయి. తిప్పడం కూడా ప్రమాదమే, పెట్టిన కొద్ది గంటల్లోనే పిండం పెంకు లోపలి వైపు అతుక్కోవడం మొదలవుతుంది.

ఇక థర్మోస్టాట్లు. ఆన్-ఆఫ్ రకాన్ని నువ్వు మరీ తీసిపారేశావు. ఇస్త్రీపెట్టెలో ఉండేది కూడా అదే పద్ధతి: వేడి చాలగానే ఆగుతుంది, తగ్గగానే మొదలవుతుంది. ఆ రెండింటి మధ్య ఎడం ఎంతన్నదే అసలు ప్రశ్న. 31కి పెట్టి, ఎడం ఒక డిగ్రీ ఉంచితే 31 దగ్గర కరెంటు ఆగుతుంది. కింద పరిచిన హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలక) అప్పటికే బాగా వేడెక్కి ఉంటుంది కాబట్టి గాలి ఇంకాస్త పైకి పోతుంది, తర్వాత 30కి దిగేదాకా మ్యాట్ మళ్లీ వెలగదు. ఎడం అర డిగ్రీకి తగ్గించి, తక్కువ వాట్ల మ్యాట్ వాడి, పెట్టెలో రెండు నీళ్ల సీసాలు పెడితే ఈ ఊగిసలాట చాలావరకు సద్దుమణుగుతుంది. ఎడం మరీ తగ్గిస్తే కరెంటును కలిపి, విడగొట్టే రిలే అనే స్విచ్ ఊరికే టిక్కుటిక్కుమంటూ త్వరగా అరిగిపోతుంది. పల్స్ రకం, పీఐడీ రకం థర్మోస్టాట్లు పూర్తిగా ఆపకుండా కరెంటును కొంచెం కొంచెంగా ఇస్తాయి, గెకోల్లో ఆడ, మగ పిల్లలను కోరి పొదిగించేవాళ్లకు అవి నిజంగా పనికొస్తాయి. అందరికీ అదే కొనమని రాయకు.

నీ వ్యాసంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఈ వాక్యం: 'ఉష్ణోగ్రత 31 డిగ్రీలు ఉండాలి.' ఎక్కడ? మ్యాట్ మీదా, మూత కిందా, గుడ్డు పక్కనా? ఒకే పెట్టెలో ఈ మూడు చోట్లా మూడు అంకెలు కనిపిస్తాయి. థర్మోస్టాట్‌కు తెలిసేది వేడిని కొలిచే దాని సెన్సార్ కొన ఉన్న చోటే. కాబట్టి ఎప్పుడు డిగ్రీ రాసినా పక్కన చోటు రాయి. సెన్సార్ గుడ్ల డబ్బాలో, గుడ్ల ఎత్తులో, ఏ గుడ్డునూ తాకకుండా ఉండాలి. తడి వర్మిక్యులైట్‌లో (గుడ్ల కింద పరిచే, తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకుల్లో) సగం కూరుకున్న గుడ్డు గాలి కన్నా చాలా నిదానంగా వేడెక్కి, నిదానంగా చల్లారుతుంది. తెర మీద అంకె నిమిషానికోసారి మారిందని కంగారుపడక్కర్లేదని పాఠకుడికి చెప్పు. రోజంతా ఒకే వైపు ఒక డిగ్రీ జరిగి ఉంటేనే పట్టించుకోవాలి. అది తెలియాలంటే కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే వేరే థర్మామీటర్ ఒకటి లోపల ఉండాలి.

ఆ సెన్సార్ వైరు జారి పెట్టె బయటికొస్తే ఏమవుతుందో నువ్వు రాయనే లేదు. బయటి చల్లగాలిని చూసి థర్మోస్టాట్ కరెంటు ఇస్తూనే ఉంటుంది, లోపల గుడ్లు ఉడికిపోతాయి. రిలే అతుక్కుపోయినా అంతే. వైరును గట్టిగా కట్టమను. సొంత సెన్సార్ ఉన్న రెండో థర్మోస్టాట్‌ను ఒకటి రెండు డిగ్రీలు పైకి పెట్టి అదే లైనులో వరుసగా కలపమను. మొదటిది కన్ను మూస్తే అది కరెంటు ఆపుతుంది. ఈ పేరా వ్యాసం చివర్లో కాదు, నడిమధ్యన ఉండాలి.

గది వేడి గురించి కూడా ఒక మాట చేర్చు. హీటర్‌కు కట్టిన థర్మోస్టాట్ వేడి ఆపగలదే తప్ప చల్లబరచలేదు. గది 34 ఉంటే పెట్టెను 29కి పెట్టి లాభం లేదు. అలాంటి గదిలో చల్లబరిచే ఏర్పాటు కూడా ఉన్న పెట్టె కావాలి, లేదా పెట్టెను చల్లటి గదికి మార్చాలి. ఇవన్నీ సరిచేసి మళ్లీ పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.