వరదలో మునిగిన జనతా వాచీ: బాగు చేయించాలా, వదిలేయాలా?

ప్రశ్న: 1974లో మా నాన్నగారి పెళ్ళికి అమ్మమ్మ వాళ్ళు పెట్టిన హెచ్ఎంటీ జనతా వాచీ మా దగ్గర ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కునే హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత ఎండలో ఆరబెట్టి డబ్బాలో పడేశాం. ఇప్పుడు కీ తిరగదు, గ్లాసు లోపల మట్టి చార, డయల్ కింది సగం గోధుమరంగు మచ్చ, కేసు మీద పూత పొక్కులు లేచింది. వెనక మూత మీద నాన్నగారి పేరు, పెళ్ళి తేదీ మాత్రం బాగానే కనిపిస్తున్నాయి. రిపేరు చేసే ఆయన మెషిన్ మార్చడానికి 1,200, డయల్‌కి కొత్త రంగు 900, కేసు పూత 700, గ్లాసు 200, మొత్తం 3,000 అన్నాడు. నడిచే జనతా వాచీ ఆన్‌లైన్‌లో 1,800కే దొరుకుతోంది, దీనికి మూడు వేలు పెట్టడం పిచ్చితనం అంటారు మావారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మీవారి లెక్క తప్పు కాదండీ, కాకపోతే ఆ 1,800 వాచీ ఇంకెవరి పెళ్ళికో పెట్టింది. అమ్మితే ఎంత వస్తుందన్నదే ప్రశ్నయితే ఇక్కడితో ఆపేయండి, ఎంత ఖర్చు పెట్టినా ఆ డబ్బు తిరిగి రాదు. హెచ్ఎంటీ వాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు, 2016లో వాచీల కంపెనీ మూసేయడానికి కేంద్రం ఒప్పుకుంది, ఈ మధ్యలో కోట్ల వాచీలు జనం చేతికి వెళ్ళాయి. జనతా అరుదైన సరుకేమీ కాదు. అలా కాకపోవడమే ఇప్పుడు మీకు కలిసొచ్చింది, ఎలాగో చెప్తాను.

పాత వాచీ పాడైతే అందరూ మొదట అడిగేది "నడుస్తుందా?" అని. జనతా విషయంలో అది ఆఖరున అడగాల్సిన మాట. జనతా, పైలట్ లాంటి కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీల్లో దాదాపు ఒకే రకం పదిహేడు రాళ్ళ (చక్రాల ఇరుసులు అరగకుండా తిరగడానికి బిగించే చిన్న రాళ్ళు) మెషిన్ ఉంటుంది, పాత రిపేరర్ల డ్రాయర్లలో ఇలాంటివి గుప్పెళ్ళకొద్దీ పడి ఉంటాయి. దొరకనివి మీ డయల్, మీ వెనక మూత. కాబట్టి వాటి పరిస్థితి చూసి నిర్ణయం తీసుకోవాలి.

మీ మెషిన్ బతకదనే నా అనుమానం. లోపలి ప్లేట్లు, చక్రాలు ఇత్తడివి, అవి పచ్చబడతాయే గానీ తుప్పు పట్టవు. ఉక్కు ముక్కలతోనే చిక్కు: కీ కాడ, దాన్ని పట్టుకునే లివరు, స్ప్రింగులు, చక్రాల ఇరుసులు. అటూ ఇటూ ఊగుతూ టైముని నడిపే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొన మిల్లీమీటరులో దాదాపు పదో వంతు మందం ఉంటుంది, దాని మీది తుప్పు తీసేసినా గుంట మిగులుతుంది, ఆ గుంటతో రాయిలో తిరుగుతుంటే ఊపు తగ్గిపోయి వాచీ ఒకరోజు నడిచి మర్నాడు ఆగుతుంది. నీళ్ళలో పడిన వాచీని వెంటనే విప్పి శుభ్రం చేయిస్తే ఇంత దూరం వచ్చేది కాదు, కానీ ఇల్లే మునిగినప్పుడు వాచీ గుర్తు రాలేదని మిమ్మల్ని అనేదేముంది. ఇప్పుడు ఎవరైనా కడిగి ఆయిలింగ్ చేస్తే ఐదు వందల్లో అయిపోతుందంటే నమ్మకండి. మెషిన్ మార్చాలన్న ఆయనే నిజం చెప్పాడు. ఈలోగా కీ బలవంతంగా తిప్పొద్దు, తుప్పు పట్టిన కాడ విరిగి సగం లోపలే ఉండిపోతుంది.

డయల్ దగ్గర మాత్రం ఆయనతో నేను ఏకీభవించను. రంగు వేయించడమంటే ఉన్న అక్షరాలన్నీ గీకేసి మళ్ళీ అచ్చు కొట్టడం. కొత్త అచ్చులో గీతలు కాస్త లావుగా, అక్షరాలు కాస్త వంకరగా వస్తాయి, చూడగానే ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది, పైగా మీ నాన్నగారు ఇన్నేళ్ళు టైము చూసుకున్న ముఖం అక్కడ ఉండదు. మచ్చను ఉండనివ్వండి. అంకెలు, పేరు చదవగలిగేలా ఉన్నాయా, పెచ్చులు ఊడిపోతున్నాయా, ఈ రెండే చూడండి. ఊడిన పెచ్చు ముళ్ళ కింద ఇరుక్కుంటే వాచీ ఆగుతుంది కాబట్టి ఊడేలా ఉన్నచోట మాత్రం ఏదైనా చేయాలి. తడిగుడ్డతో, స్పిరిట్‌తో తుడవొద్దని ముందే గట్టిగా చెప్పండి, మట్టితోపాటు అక్షరాలూ వచ్చేస్తాయి.

కేసు సంగతి నా దృష్టిలో అంత ముఖ్యం కాదు. ఆ కాలపు చాలా జనతాలకు ఇత్తడి మీద క్రోమ్ పూత, వెనక మూత మాత్రం స్టీలు. అందుకే పేరు చెక్కుచెదరలేదు. పొక్కులు చేతికి గుచ్చుకుంటే పూత వేయించండి, లేకపోతే వద్దు. వేయిస్తే మాత్రం మూత తీసి మీ దగ్గరే పెట్టుకుని కేసు ఒక్కటే ఇవ్వండి, పాలిష్ చక్రం కింద పడితే పేరు అరిగిపోతుంది. ఇంకో మాట, మూత తీసినప్పుడు లోపలివైపు వెలుతురుకి పెట్టి చూడండి. పాత రిపేరర్లు సర్వీసింగ్ చేసినప్పుడు తమ గుర్తో తేదీయో సూదితో సన్నగా గీసేవాళ్ళు, నాన్నగారు ఎప్పుడెప్పుడు బాగు చేయించారో అందులో దొరికినా దొరకొచ్చు.

అంటే మెషిన్, గ్లాసు, 1,400తో సరి. మార్చబోయే మెషిన్ ముందే సర్వీసింగ్ చేసిందేనా అని అడగండి, ఇచ్చాక రెండు మూడు వారాలు చూసి ఆగితే మళ్ళీ సరిచేస్తాననే మాట తీసుకోండి. పాత మెషిన్ వదిలి రావొద్దు, కవరులో వేసి ఇమ్మనండి. ఇంత చేశాక కూడా రోజూ పెట్టుకుంటానంటే నేను ఒప్పుకోను, చెమటకి, వానకి ఆ డయల్ ఇక తట్టుకోదు. రోజూ పెట్టుకోవడానికైతే మీవారు చూసిన 1,800ది కొనుక్కోండి.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి 1958లో రిటైరైన మా తాతగారి వెస్ట్ ఎండ్ వాచీ కింద పడి ఆగిపోయింది. బ్యాలెన్స్ ఇరుసు విరిగిందట, విడిభాగం దొరకదంటున్నారు. ఒకాయన వేరే మెషిన్ బిగిస్తానని, చీకట్లో వెలిగే అంకెలు నల్లబడ్డాయి కాబట్టి అవి గీకి కొత్తవి పెడతానని చెప్పాడు. చేయించనా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వద్దు, రెండూ వద్దు. జనతాకి చెప్పిన సలహా దీనికి పనికిరాదు. వేరే మెషిన్ పెడితే డయల్ వెనక కాళ్ళు దాని రంధ్రాలకు కుదరవు, అప్పుడు ఆ కాళ్ళు కోసేసి డయల్‌ని జిగురుతో అతికిస్తారు. ఆ తర్వాత అసలు మెషిన్ బాగైనా డయల్ మళ్ళీ సరిగ్గా కూర్చోదు. వెస్ట్ ఎండ్ వాచీల్లోకి మెషిన్లు రకరకాల స్విస్ తయారీదారుల నుంచి వచ్చేవి. బ్యాలెన్స్ చక్రం కింద ప్లేటు మీద చాలాసార్లు చిన్న ముద్ర, నంబరు ఉంటాయి, విప్పించి దాని ఫొటో తీసుకోండి. ఆ నంబరు లేకుండా "వెస్ట్ ఎండ్ ఇరుసు ఉందా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. నంబరుతో వెతికినా దొరక్కపోతే లేత్ మీద ఇరుసు చేయగలిగిన మనిషి కావాలి. అలాంటివాళ్ళు తక్కువ, ఖర్చూ ఎక్కువ, దొరికేదాకా వాచీ ఆగి ఉన్నా దానికేం నష్టం లేదు.

అంకెల విషయం మాత్రం కచ్చితంగా చెప్తున్నా. ఆ కాలపు వాచీలో వెలిగే రంగు రేడియం అనే రేడియోధార్మిక పదార్థమనే అనుకోవాలి. వెలగడం ఆగిపోయిందంటే రేడియం అయిపోయిందని కాదు, అది సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్ళు పడుతుంది, పాడైంది దాంతో కలిపిన వెలుగు పొడి. గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో గ్లాసు తీయొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు, రిపేరుకి ఇచ్చే ప్రతిచోటా ముందుగా ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: ఎర్ర డయల్ పైలట్ వాచీ ఆన్‌లైన్‌లో 1,100కి కొన్నాను. కొత్తదానిలా మెరుస్తోంది, కానీ రోజుకి అరగంట వెనకబడుతోంది. సర్వీసింగ్ చేయించనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అన్నేళ్ళనాటి వాచీ డయల్ అంత నిగనిగలాడితే నేనైతే రంగు వేసిందనే అనుకుంటా. భూతద్దం పెట్టి నిమిషాల గీతలు చూడండి, అంచులు పాకినట్టుంటే అంతే సంగతులు. లోపల కూడా నాలుగైదు వాచీల ముక్కలు కలిపి ఉండొచ్చు, అరగంట వెనకబడటం ఆయిలింగ్‌తో పోయే జబ్బులా లేదు. తిరిగి తీసుకునే గడువు ఉంటే ఇవాళే పంపేయండి. గడువు దాటిపోతే సరదాకి పెట్టుకోండి గానీ దాని మీద ఇంకో రూపాయి పెట్టకండి.