ఫొటో ప్రశ్నలు: వెనకాల మసకబారాలి, మనిషి చెక్కుచెదరకూడదు

ఈసారి ఉత్తరాల్లో చాలా భాగం బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ గురించే. విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన వాటిలో ఒకే ఇబ్బంది ఉన్నవాటిని కలిపి ఆరింటికి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఆర్కే బీచ్‌లో ఫొటోలు తీశానండి. వెనక జనం, మురీ మిక్చర్ బండ్లు కనిపిస్తున్నాయని ఫొటోషాప్‌లో అమ్మాయిని సెలెక్ట్ చేసి, సెలెక్షన్ తిరగేసి, గాసియన్ బ్లర్ 20 ఇచ్చాను. అమ్మాయి చుట్టూ ఎర్రటి పొగ కమ్మినట్టు వచ్చింది. జుట్టేమో కత్తెరతో కత్తిరించి అతికించినట్టుంది. ఎక్కడ తేడా జరిగింది? – ఎంవీపీ కాలనీ

జవాబు: ఆ ఎరుపు ఓణీదే. గాసియన్ బ్లర్ ప్రతి పిక్సెల్‌కీ దాని చుట్టూ ఉన్న పిక్సెల్స్ రంగులు కలిపి సగటు తీస్తుంది. మీరు బయటి భాగాన్ని మాత్రమే సెలెక్ట్ చేసినా, సగటు తీసేటప్పుడు అంచుకి ఇవతలున్న ఓణీ రంగు కూడా అందులో కలిసిపోతుంది. బ్లర్ తగ్గిస్తే పొగ సన్నబడుతుంది గానీ పోదు. అది పోవాలంటే బ్లర్ చేసే లేయర్‌లో అసలు అమ్మాయే ఉండకూడదు.

అసలు ఫొటోని అలాగే అడుగున ఉంచి, కంట్రోల్ జె రెండుసార్లు నొక్కండి. రెండు కాపీలు వస్తాయి. పైది మనిషికి, మధ్యది బ్యాక్‌గ్రౌండ్‌కి. పై లేయర్ మీద సెలెక్ట్ మెనూలో సబ్జెక్ట్ నొక్కి, తర్వాత సెలెక్ట్ అండ్ మాస్క్‌లోకి వెళ్లండి. రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో జుట్టు అంచు మీద మాత్రమే గీయండి. 24 మెగాపిక్సెల్ ఫొటోకి బ్రష్ సైజు 30 నుంచి 60 పిక్సెల్స్ సరిపోతుంది. అదే బ్రష్‌ని భుజాల మీదా, ఓణీ అంచు మీదా తిప్పారంటే అవి చిరిగిన గుడ్డలా పలచబడతాయి. అవుట్‌పుట్ దగ్గర లేయర్ మాస్క్ (లేయర్‌లో తెల్లగా ఉన్నచోటు కనిపించేలా, నల్లగా ఉన్నచోటు దాగేలా చేసే పొర) ఎంచుకుని బయటికి రండి.

ఇప్పుడు మధ్య లేయర్. కంట్రోల్ పట్టుకుని పై లేయర్ మాస్క్ మీద క్లిక్ చేస్తే అమ్మాయి ఆకారం సెలెక్ట్ అవుతుంది. సెలెక్ట్ మెనూలో మోడిఫై, ఎక్స్‌పాండ్ తీసుకుని 15 నుంచి 20 పిక్సెల్స్ పెంచండి. ఆపైన ఎడిట్ మెనూలో కంటెంట్ అవేర్ ఫిల్. అమ్మాయి ఉన్నచోట ఇసక, సముద్రం నిండుతాయి. వంకరటింకరగా వచ్చినా కంగారు పడకండి. దాని మీద మనిషి ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న వేలెడంత అంచు మాత్రమే కనిపిస్తుంది. ఒక్కటి చూసుకోండి: పక్కనున్న బండినో, ఇంకో మనిషి చెయ్యినో తెచ్చి నింపేస్తుంటే, అదే విండోలో బ్రష్‌తో ఆ భాగాన్ని శాంప్లింగ్ నుంచి చెరిపేయండి.

సెలెక్షన్ తీసేసి, ఈ లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, అప్పుడు బ్లర్ ఇవ్వండి. రేపు చూస్తే ఎక్కువైందనిపించినా లేయర్ కింద ఫిల్టర్ పేరు మీద రెండుసార్లు నొక్కి విలువ మార్చుకోవచ్చు. పొగ ఇక రాదు.

జుట్టు సంగతి. సముద్రపు గాలికి చెవి దగ్గర లేచే వెంట్రుకలన్నీ నిలబెట్టాలనే పట్టుదల వద్దు. కెమెరాతో నిజంగా బ్లర్ వచ్చిన ఫొటోల్లో కూడా తలకి రెండు మూడు చోట్లే పాయలు విడివిడిగా కనిపిస్తాయి. బాగున్న నాలుగు పాయలు ఉంచుకుని, మిగతావి మొదట్లోనే, లేయర్లు కాపీ చేయకముందే, హీలింగ్ బ్రష్‌తో తీసేయండి. జడలో మల్లెపూలు మాత్రం వేరే లెక్క. వెంట్రుకకి మెత్తటి అంచు కావాలి, పూరేకుకి గట్టి అంచు కావాలి. రిఫైన్ బ్రష్ పూలని కూడా వెంట్రుకల్లాగే చూసి రేకుల్ని సగం తినేస్తుంది. మాస్క్ మీద గట్టి బ్రష్‌తో, తెల్ల రంగుతో, మొగ్గ తర్వాత మొగ్గ తిరిగి గీయండి. పది నిమిషాల పని. చూసేవాళ్ల కన్ను ముందు పడేది ముఖం మీదా, ఆ వెంటనే పూల మీదా కాబట్టి ఆ పది నిమిషాలూ దండగ కావు.

ఇక 20 అనే అంకె. అది ఫొటో సైజుని బట్టి ఉంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ని 55 దగ్గర, అంటే పూర్తిగా జూమ్ చేసి, ఎఫ్ 5.6లో (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు) పెట్టి మీటరున్నర దూరంలో మనిషిని తీస్తే, బాగా దూరాన ఉన్న చుక్క వెలుగు ఫొటో పొడుగు వైపులో 1.6 శాతం ఉండే బిళ్లగా విచ్చుకుంటుంది. 6000 పిక్సెల్స్ ఫొటోలో అది సుమారు 95 పిక్సెల్స్ అడ్డం. గాసియన్ బ్లర్‌లో దానికి సాటి 24. అదే ఫొటో వాట్సాప్‌లో తిరిగి 1600 పిక్సెల్స్‌కి తగ్గితే, సాటి 6 మాత్రమే. ఆ చిన్న ఫొటోకి 20 ఇస్తే ఆ లెన్స్ ఇచ్చేదానికి మూడు రెట్ల మసక వస్తుంది, కన్ను వెంటనే పట్టేస్తుంది. అందుకే ఒరిజినల్ ఫైల్ మీదే పని చేయండి.

చివరిగా గ్రెయిన్, అంటే ఫొటో మీద సన్నటి ఇసకలా కనిపించే చుక్కలు. బ్లర్ అయిన చోట కెమెరా గ్రెయిన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, మనిషి మీద మాత్రం అలాగే ఉంటుంది. అతికించినట్టు కనిపించడానికి సగం కారణం ఇదే. మధ్య లేయర్‌కి యాడ్ నాయిస్ 1 నుంచి 2 శాతం, గాసియన్, మోనోక్రొమాటిక్ టిక్ పెట్టి ఇవ్వండి. ఫొటోని నూటికి నూరు శాతం జూమ్‌లో పెట్టి, చెంప మీద గ్రెయిన్‌తో పోల్చి సరిచూసుకోండి.

ప్రశ్న: అంచులన్నీ శుభ్రంగా వచ్చాయి. అయినా రుషికొండ ఇసకలో నిలబడ్డ మా అన్నయ్య గాల్లో తేలుతున్నట్టున్నాడు. ఎందుకలా? – మధురవాడ

జవాబు: అన్నయ్య పాదాలు స్పష్టంగా ఉండి, వాటిని ఆనుకున్న ఇసక మసకగా ఉంది కాబట్టి. పాదం ఎంత దూరంలో ఉందో ఆ ఇసకా అంతే దూరంలో ఉంది. లెన్స్‌కి మనిషీ నేలా అన్న తేడా తెలీదు, దూరం ఒక్కటే తెలుసు.

చాలామంది చేసే వైద్యం, బ్లర్ లేయర్ మాస్క్ మీద గ్రేడియెంట్ (నలుపు నుంచి తెలుపుకి క్రమంగా మారే రంగు) లాగడం. దాంతో తేలడం తగ్గుతుంది, కానీ మధ్యలో స్పష్టమైన ఇసకా మసక ఇసకా ఒకదాని మీద ఒకటి పరిచినట్టు కనిపిస్తాయి. కావలసింది రెండు ఫొటోల కలగలుపు కాదు, చోటుని బట్టి పెరిగే బ్లర్. ఫొటోషాప్‌లో లెన్స్ బ్లర్ ఆ పని చేస్తుంది.

ఛానెల్స్ ప్యానెల్‌లో కొత్త ఆల్ఫా ఛానెల్ (ఫొటోతో పాటు దాచుకునే నలుపు తెలుపు పొర) తెరవండి. ఫొటో అడుగు అంచు నుంచి దిగంతం దాకా, అంటే సముద్రమూ ఆకాశమూ కలిసే గీత దాకా, నలుపు నుంచి తెలుపుకి లీనియర్ గ్రేడియెంట్ లాగండి. పై జవాబులో చెప్పినట్టు మనిషిని తీసేసిన లేయర్‌కి తిరిగొచ్చి లెన్స్ బ్లర్ తీసుకుని, డెప్త్ మ్యాప్ (ఏది ఎంత దూరమో చెప్పే పటం) సోర్స్‌గా ఆ ఛానెల్‌ని ఎంచుకోండి. ప్రివ్యూలో పాదాలు ఆనే చోట ఒకసారి నొక్కండి. ఆ వరస ఇసక స్పష్టంగా నిలిచి, దాని వెనకా ముందూ కూడా బ్లర్ క్రమంగా పెరుగుతుంది. ఇది అంచనా లెక్క కాదు. చదునైన నేల మీద, పాదాల నుంచి దిగంతం దాకా నిజం లెన్స్ బ్లర్ కూడా ఫొటోలో ఎత్తుని బట్టి సరిగ్గా తిన్నగానే పెరుగుతుంది. కెమెరాని మరీ కిందికో పైకో వంచకుండా తీసి ఉంటే చాలు. లెన్స్ బ్లర్‌ని తర్వాత మార్చలేం కాబట్టి ముందు లేయర్ కాపీ ఒకటి ఉంచుకోండి.

పాదాల నీడ జాగ్రత్త. కంటెంట్ అవేర్ ఫిల్ చేసేటప్పుడు సెలెక్షన్‌ని పాదాల కింద పెంచితే నీడ కూడా పోతుంది, మళ్లీ మనిషి తేలతాడు. పాదాల దగ్గర ఎక్స్‌పాండ్ అయిన భాగాన్ని లాసోతో వెనక్కి తీసేయండి.

ఇంకో చిక్కు, వెనక నిలబడి ఉన్నవి. వెనక ఇంకో మనిషి ఉన్నాడనుకోండి, అతని కాళ్లు ఎంత దూరమో తలా అంతే దూరం, అయినా గ్రేడియెంట్ ప్రకారం కాళ్లు కొంచెం, తల బాగా మసకబారతాయి. ఊరంతా బొమ్మల కొలువులా చిన్నదైపోయి కనిపించే టిల్ట్ షిఫ్ట్ ఫొటోల మాయ ఇదే. ఆల్ఫా ఛానెల్‌లో ఆ మనిషి కాళ్ల దగ్గరున్న బూడిద రంగుని ఐడ్రాపర్‌తో తీసుకుని, మనిషి ఆకారమంతా అదే రంగుతో నింపండి.

దగ్గరలో ఉన్నవాళ్లకే ఈ శ్రమ. మనిషి కెమెరాకి 2 మీటర్లలో ఉంటే, 4 మీటర్ల దగ్గర వస్తువుకి మొత్తం బ్లర్‌లో సగం, 8 మీటర్ల దగ్గర ముప్పాతిక, 20 మీటర్ల దగ్గరే 90 శాతం వచ్చేస్తుంది. ఆ తర్వాత పెరిగేది ఆ మిగిలిన పదే. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ పొడవు 90 మీటర్ల పైచిలుకు. 20 మీటర్ల అవతల అది వెనక నిలిచిందంటే ముక్కు నుంచి తోక దాకా ఒకే బ్లర్ ఇచ్చేయొచ్చు, ఎవరూ తేడా పట్టలేరు.

ప్రశ్న: కైలాసగిరి మీద రాత్రి తీసిన ఫొటోలో వెనక ఊరి దీపాలు గుండ్రటి బంతుల్లా రావాలని బ్లర్ చేస్తే బూడిద మరకల్లా వచ్చాయి. – సీతమ్మధార

జవాబు: దీపం నిజానికి చుట్టుపక్కల కంటే వందల రెట్లు వెలుగైనా, ఫైల్‌లో దాని విలువ 255 దగ్గర ఆగిపోతుంది. పక్కనున్న చీకటితో సగటు తీస్తే మరక కాక ఏమవుతుంది! గాసియన్ వదిలేసి లెన్స్ బ్లర్ వాడండి. అందులో స్పెక్యులర్ హైలైట్స్ థ్రెషోల్డ్ (ఎంత వెలుగు దాటితే దీపంగా లెక్కించాలో చెప్పే హద్దు) 245 దగ్గర పెట్టి, బ్రైట్‌నెస్‌ని 20తో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. థ్రెషోల్డ్ బాగా దించితే తెల్ల చొక్కాలూ, గోడలూ కూడా దీపాల్లా వెలుగుతాయి. ఫీల్డ్ బ్లర్ వాడేవాళ్లకి అదే పని ఎఫెక్ట్స్‌లో లైట్ బోకే, లైట్ రేంజ్ చేస్తాయి. ఉచితంగా దొరికే జింప్‌లో, 2.10.20 వెర్షన్ నుంచి, లెన్స్ బ్లర్‌లోనే హైలైట్ ఫ్యాక్టర్ ఉంది.

తీసే ముందు లెన్స్ తుడవండి. మన ఊళ్లో ఉప్పుగాలి గంటలో పలచటి పొర కట్టేస్తుంది, దీపాలన్నీ ముందే చెదిరిపోతాయి. ఆ ఫొటోకి ఏ బ్లరూ అందం తేలేదు.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. జింప్‌లో వెనక గోడ బ్లర్ చేస్తే బొమ్మ అంచులు కరిగిపోతున్నాయి. – గోపాలపట్నం

జవాబు: అంకుడు కర్ర మీద లక్క పూసిన బొమ్మకి అద్దంలాంటి నునుపు. దాని అంచు మీద గోడ రంగే ప్రతిఫలిస్తుంది కాబట్టి ఆటోమేటిక్ సెలెక్షన్ బొమ్మ ఎక్కడ ఆగిందో తేల్చుకోలేదు. పాత్స్ టూల్‌తో చేత్తో గీయండి. లేత్ మీద తిప్పి చేసిన గుండ్రటి ఆకారాలు కాబట్టి పది పన్నెండు పాయింట్లతో అయిపోతుంది. సెలెక్షన్‌గా మార్చి, 1 పిక్సెల్ లోపలికి తగ్గించి, 1 పిక్సెల్ ఫెదర్ (అంచు మెత్తదనం) ఇవ్వండి, అంతకు మించొద్దు. బల్ల మీద బొమ్మ నీడనీ, లక్క మెరుపునీ ముట్టుకోకండి.

అయితే అమ్మకానికి పెట్టే ఫొటోకి ఇంత చాకిరీ అక్కర్లేదని మా అభిప్రాయం. బొమ్మని గోడకి మీటరున్నర ముందుకి జరపండి. కిటికీ పక్క వెలుగులో, వెనక ఒకే రంగు గుడ్డ వేలాడదీయండి. కొనేవాళ్లు చూసేది లక్క రంగు, పనితనం.

ప్రశ్న: కొత్త లెన్స్ కొనకుండా కెమెరాలోనే బ్లర్ రాదా? నా దగ్గర 18-55 ఒక్కటే ఉంది. – గాజువాక

జవాబు: వస్తుంది, 18 దగ్గర కాదు. మొదటి జవాబులో చెప్పిన దూరపు వెలుగు బిళ్ల 6000 పిక్సెల్స్ ఫొటోలో, మీటరున్నర దూరానికి, 18, ఎఫ్ 3.5లో 16 పిక్సెల్స్, 55, ఎఫ్ 5.6లో 95. ఎఫ్ అంకె చిన్నదని 18 దగ్గర తీయడం వల్లే చాలామందికి బ్లర్ రాదు. 50 ఎఫ్ 1.8 లెన్స్‌తో 2 మీటర్ల నుంచి తీస్తే సుమారు 180. ఎక్కడ నిలబెట్టారన్నది లెన్స్ అంత ముఖ్యం: 55తోనే మనిషిని గోడకి అరమీటరు ముందు పెడితే ఆ 95లో పావు వంతే వస్తుంది. అదే మనిషిని గోడ వదిలి, వెనక 15 మీటర్లు ఖాళీ ఉండే చోటికి తెస్తే 90 శాతం. ముందు జరపండి, తర్వాత జూమ్ చేయండి.

ప్రశ్న: కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే. ఏది మంచిది? – భీమిలి

జవాబు: తీసేటప్పుడే పోర్ట్రెయిట్ మోడ్‌లో తీయండి. చాలా ఫోన్లు దూరాల సమాచారాన్ని ఫైల్‌లోనే దాస్తాయి, గ్యాలరీలో ఎడిట్ నొక్కి బ్లర్ తర్వాత కూడా తగ్గించుకోవచ్చు. ఫైల్‌ని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ సమాచారం పోతుంది. ఇంకొకరికి ఎడిటింగ్‌కి పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా తీసిన పాత ఫొటోలకి లైట్‌రూమ్ యాప్‌లో లెన్స్ బ్లర్ ఉంది, తప్పు పట్టిన చోట బ్రష్‌తో సరిదిద్దుకోవచ్చు. స్నాప్‌సీడ్ లెన్స్ బ్లర్ గుండ్రంగానో గీతలాగానో మసకేస్తుంది, మనిషి ఆకారం దానికి తెలీదు. ముఖం దగ్గరగా ఉన్న ఫొటోలకి సరే, నిలువెత్తు ఫొటోకి వద్దు. ఏది వాడినా మూడు చోట్ల జూమ్ చేసి చూడండి: కళ్లజోడు అంచు, చెవి లోలాకులు, నడుం మీద చెయ్యి పెట్టినప్పుడు మోచేతి సందు. ఆ సందులో వెనకున్నది స్పష్టంగా మిగిలిపోవడం ఫోన్లకి మామూలు. బ్లర్‌ని మూడో వంతు తగ్గిస్తే అది చాలావరకు కంటికి ఆనదు.